ఎనిమిది గ్రేడులకు ముందూ వెనకా

1720 జనవరిలో యొహాన్ సెబాస్టియన్ బాఖ్ తన పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం ఒక సంగీత పుస్తకం రాయడం మొదలుపెట్టాడు. పిల్లవాడికి అప్పటికి తొమ్మిదేళ్లు. ముందు స్వరాల గుర్తులు, ఆపై అలంకారాల పట్టిక, ఏ స్వరానికి ఏ వేలో అంకెలు వేసిన చిన్న పాఠం, తర్వాతే అసలు రచనలు. మన సరళీ వరుసలు, జంట వరుసలు దాటి గీతాలకు వెళ్లినట్టే ఆ పుస్తకమూ నడుస్తుంది. స్థాయిని చెప్పే అంకె మాత్రం అందులో లేదు. శిష్యుడి చేతిని రోజూ చూసే గురువుకు దాని అవసరమూ లేదు.

ఆ అవసరం అంగడి తెచ్చింది. 18వ శతాబ్దం చివరికి పియానో యూరప్ మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది. ముక్కూముఖం తెలియని పిల్లలకు పుస్తకం అమ్మాలంటే అది ఎవరికి తగినదో అట్టమీదే చెప్పాలి. లండన్‌లో స్వరకర్త క్లెమెంటి 1797లో ఆరు సొనాటినాలను (ఓపస్ 36) సులువు నుంచి కష్టానికి వరసపెట్టి వెలువరించాడు. వియన్నాలో చెర్నీ స్థాయికొక అభ్యాసాల సంపుటి రాశాడు. బుర్గ్‌ముల్లర్ 1851 నాటి 25 అభ్యాసాలకు ‘సులువైనవి, క్రమంగా పెరిగేవి’ అన్న మాట పేరులోనే ఉంది.

అయితే రాసినవాడి మాటే కొలబద్ద కాదు. మొజార్ట్ 1788లో సి మేజర్ సొనాటాను (కె. 545) కొత్తగా నేర్చుకునేవాళ్లకని తన పట్టికలో రాసుకున్నాడు. తీరా మొదటి భాగంలో పరుగెత్తే స్వరశ్రేణులు మధ్యస్థాయి విద్యార్థినీ తడబడేలా చేస్తాయి.

సాధన పద్ధతులూ మారుతూ వచ్చాయి. 1814లో సంగీత గురువు లోజియర్ పేటెంట్ పొందిన కైరోప్లాస్ట్ అనే చట్రాన్ని పియానో ముందు బిగించి, పిల్లల చేతులు అందులో పెట్టించి వాయింపజేసేవారు. షోపాన్ దారి వేరు. రోజుకు మూడు గంటలకు మించి సాధన వద్దనేవాడు. నల్ల మెట్టు తగలని సి మేజర్ చదవడానికి తేలిక, వాయించడానికి కష్టం అంటూ బి మేజర్‌తో మొదలుపెట్టించేవాడు. అందులో పొడవాటి నడిమి వేళ్లు నల్ల మెట్ల మీద, బొటనవేలు తెల్లవాటి మీద వాటంతట అవే కుదురుకుంటాయి. కంటికి కష్టమైంది చేతికి కష్టం కానక్కర్లేదని ఇక్కడ తేటపడింది.

ఆ తర్వాత పరీక్షలు వచ్చాయి. లండన్ ట్రినిటీ కాలేజీ 1877లో వాటిని మొదలుపెట్టింది. రాయల్ అకాడమీ, రాయల్ కాలేజీ కలిసి 1889లో అసోసియేటెడ్ బోర్డు నెలకొల్పాయి. క్రమంగా ఎనిమిది గ్రేడుల వరస స్థిరపడింది. ఇవాళ హైదరాబాద్‌ పిల్లలూ ఈ పరీక్షలకు వెళ్తున్నారు. జర్మన్ ప్రచురణ సంస్థ హెన్లె రచనలకు 1 నుంచి 9 దాకా అంకెలు వేస్తుంది. 4 నుంచి 6 మధ్యస్థాయి. వేగంతో పాటు లయలోని చిక్కు, చదవడంలోని ఇబ్బంది, రచన నిర్మాణం కూడా లెక్కలోకి వస్తాయి.

ఎంత జాగ్రత్తగా వేసినా అంకె మొత్తం రచనకు ఒక్కటే. కష్టం మాత్రం అంతటా సమంగా పరుచుకుని ఉండదు. బెథోవెన్ 1810లో రాయగా 1867లో అచ్చయిన ‘ఫ్యూర్ ఎలీజె’ మొదటి పేజీని కొత్తవాళ్లూ పట్టుకోగలరు. రెండో భాగంలో స్వరాలు ఒక్కసారిగా చిక్కబడతాయి. మూడో భాగంలో ఎడమచేయి ఒకే మెట్టును విడవకుండా మోగిస్తుంటే పైన నిండు స్వరగుచ్ఛాలు పడతాయి. ఆ వెంటే కుడిచేయి పైకి ఎగబాకి, తెలుపూ నలుపూ వదలకుండా మెట్టుమెట్టూ దిగాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

2009లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో 17 మంది పియానో విద్యార్థులకు షోస్టకోవిచ్ కచేరీ రచనలోంచి మూడు బార్ల ముక్క ఇచ్చి, మర్నాడు వాయించమన్నారు. సాధనకు ఎంతసేపు కూర్చున్నారన్నదానికీ, ఎన్నిసార్లు వాయించారన్నదానికీ ఫలితంతో సంబంధం కనిపించలేదు. మెరుగ్గా వాయించినవాళ్లూ సాధనలో తప్పులు చేశారు. కానీ తప్పు పడిన చోటే ఆగి, కారణం పసిగట్టి, వేగం తగ్గించి, అది కుదురుకునేదాకా అక్కడే ఉన్నారు. ‘ఫ్యూర్ ఎలీజె’ విద్యార్థి మొదటి వారంలోనే మూడో భాగం తెరవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.