చెక్క రైలు చరిత్ర: పట్టాలు కలిస్తే చాలునా?



పిల్లలకు చెక్క రైలు కొనే తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న: "ఈ పట్టాలు మన ఇంట్లో ఉన్నవాటితో కలుస్తాయా?" ఈ ప్రశ్న వెనుక ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన ఒక హెచ్చరిక కూడా ఉంది.

ముందుగా పెద్ద రైలు సంగతి. పటాన్‌చెరుకు చేరువలో, లింగంపల్లి మీదుగా సాగే వాడి–సికింద్రాబాద్ మార్గం 1874లో ప్రారంభమైంది. దాని పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. సుమారు పాతికేళ్ల తరువాత మన్మాడ్ వైపు వేసిన మార్గం మాత్రం మీటర్ గేజి, అనగా 1,000 మిల్లీమీటర్లు. ఒక మార్గపు పెట్టె రెండవదానిపై నడవదు. సరుకును దించి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. ఇటువంటి ఇబ్బందిని తొలగించేందుకే 1992లో దేశవ్యాప్తంగా గేజి మార్పిడి చేపట్టారు.

బొమ్మ రైలుకు ఈ కష్టం చాలావరకు తప్పింది. స్వీడన్‌కు చెందిన బ్రియో సంస్థ 1958లో చెక్క రైలును విపణిలోకి తెచ్చింది. పట్టాపై రెండు గాడులు, ఒక కొసన గుండ్రని తల గల మొన, రెండవ కొసన అది ఇమిడే గుంట. తరువాతి తయారీదారులలో అనేకులు దాదాపు ఇవే కొలతలను అనుసరించారు. ఏ చట్టమూ లేకుండానే ఒక ఉమ్మడి గేజి ఏర్పడింది. 2018లో హైదరాబాద్‌లో దుకాణం తెరచిన ఐకియా వారి లిల్లాబో రైలు కూడా ఈ కోవలోనిదే.

కానీ కొలతలు కలిసినంత మాత్రాన రంగులు, అయస్కాంతాలు ఒకే నాణ్యత కలవి కావు. 2007 జూన్‌లో ఆర్‌సీ2 అనే అమెరికా సంస్థ, చైనాలో తయారైన 'థామస్' చెక్క రైలు బొమ్మలను సుమారు 15 లక్షల మేరకు వెనక్కి తీసుకుంది. కారణం, పూతలో సీసం. పేరున్న బొమ్మకే ఈ గతి పట్టినపుడు, పేరు లేని పెట్టె మాటేమిటి?

సీసానికి సురక్షిత పరిమాణం అంటూ ఏదీ తెలియదు. పసిపిల్లల శరీరం పెద్దలకన్నా 4 నుండి 5 రెట్లు అధికంగా దానిని పీల్చుకోగలదు. మెదడు ఎదుగుదల, తెలివితేటలు దెబ్బతింటాయి. మన పారిశ్రామిక వాడలో సీసంతో పని ఉండేవారి దుస్తులతోనూ ఆ ధూళి ఇంటికి చేరవచ్చు. అందుచేత పని దుస్తులు మార్చి ఇల్లు చేరండి. బొమ్మ రూపంలో మరొక దారి తెరవకండి.

రెండవ ప్రమాదం అయస్కాంతం. పెట్టెలను కలిపే ఈ అయస్కాంతాలు ఊడి, బిడ్డ రెండింటిని మింగితే, అవి పేగుల గోడల మీదుగా ఒకదానినొకటి ఆకర్షించి రంధ్రం చేయగలవు. మింగినట్లు అనుమానం కలిగినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోండి.

కొనేటప్పుడు ఈ క్రమం పాటించండి. ముందు ఐఎస్‌ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుండి బొమ్మలకు అది తప్పనిసరి. పూత పెచ్చులు ఊడకూడదు. అయస్కాంతం చెక్కలో గట్టిగా బిగిసి ఉండాలి. సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పు గల గొట్టంలో ఇమిడిపోయే భాగాలను 3 ఏళ్ల లోపు వారికి ఇవ్వరాదు. పట్టా కలుస్తుందో లేదో చివరగా ఇంటి పట్టాముక్కతో సరిచూడండి.

మన దగ్గరా మార్గముంది. ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రను తరిణెపై తిప్పి, లక్కతో, సహజమైన రంగులతో బొమ్మలు చేస్తారు. 2017లో వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది. భౌగోళిక గుర్తింపు గల హస్తకళా వస్తువులకు ఐఎస్‌ఐ నిబంధన నుండి మినహాయింపు ఉన్నందున, ఏ రంగు వాడారో అమ్మేవారిని అడిగి కొనండి.

పట్టా కలవకపోతే ఆట ఆగుతుంది, అంతే. రంగు మంచిది కాకపోతే నష్టం బిడ్డకు జీవితాంతం ఉంటుంది.