ఆకు తిప్పి చూస్తేనే ఫెర్న్: మన బొగ్గు, మన ఒర్రెలు, మన పేర్లు



వానలు పడగానే మన రేగుంట వైపు ఒర్రెల గట్ల మీద, బండల సందుల్లో పువ్వూ కాయా లేని మొక్కలు లేస్తాయి. ఇంగ్లీషులో ఫెర్న్ అంటారు. మన పిల్లలు బడిలో మరాఠీలో 'నేచే' అని చదువుకుంటారు. మరి తెలుగులో మనం ఏమంటున్నాం?

ముందు కొంచెం చరిత్ర. రాతిలో అచ్చుపడిన నాలుక ఆకారపు ఆకులకు 1828లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త బ్రోన్యార్ 'గ్లోసోప్టెరిస్' అని పేరు పెట్టాడు. గ్రీకులో గ్లోసా అంటే నాలుక, ప్టెరిస్ అంటే ఫెర్న్. నాగపూర్‌లో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1850లలో అక్కడి రాళ్లలో ఇలాంటి ఆకులు ఏరాడు. సిరోంచ దగ్గరి మన కోట ఊరి రాళ్ల గురించి కూడా ఆయన రాశాడు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు వైపు బొగ్గు కనిపెట్టాడు. ప్రాణహిత అవతల బెల్లంపల్లి, మంచిర్యాల గనుల బొగ్గు కూడా ఆ గ్లోసోప్టెరిస్ అడవులదే. 25 కోట్ల ఏళ్లు దాటిన సంగతి అది.

ఆకును బట్టి పండితులు చాలాకాలం దాన్ని ఫెర్న్ జాతిలోనే వేశారు. 1952లో దక్షిణాఫ్రికాలో ఎడ్నా ప్లమ్‌స్టెడ్ ఆ ఆకులకు అంటుకుని ఉన్న ఫలభాగాలను వివరించారు. చివరికి అది విత్తనాలు పెట్టే మొక్క అని తేలింది. పేరులో మాత్రం ఫెర్న్ అలాగే ఉండిపోయింది.

అంటే ఆకు పైభాగం ఒక్కటే చూసి నిర్ణయిస్తే పండితులకైనా చిక్కే. ఫెర్న్‌కు విత్తనం ఉండదు, పొడిలాంటి సిద్ధబీజాలు ఉంటాయి. చాలా ఫెర్నుల్లో అవి ఆకు అడుగున గోధుమరంగు చుక్కలుగానో, అంచు వెంట గీతగానో కనిపిస్తాయి. పురుగు గుడ్లనుకుని తుడిచేయకండి. రెండో గుర్తు చోటు.

బండ పగుళ్లలో, పాత గోడల్లో జానెడు కూడా లేకుండా, చిన్న తాటాకు విసనకర్రలా ఉండేది మయూరశిఖ. ఎండకు ముడుచుకుపోయి వాన పడగానే మళ్లీ విచ్చుకుంటుంది. ఇదే పేరుతో కోడిజుట్టు పువ్వును కూడా పిలుస్తారు కాబట్టి, మందు కోసం వెతికేవాళ్లు పేరు ఒక్కటే నమ్మకూడదు.

నీడగా, తడిగా ఉండే ఒర్రె గట్ల మీద నల్లగా మెరిసే సన్నని కాడలతో ఉండేది హంసపది. దాని ఆకు అంచు అడుగుకు మడిచి ఉంటుంది, సిద్ధబీజాలు ఆ మడతలోనే దాగుంటాయి.

ఇక కుంటల అంచున, వరి మడుల్లో నాలుగు రెక్కల ఆకుతో ఉండేది మార్సీలియా. దాన్ని చూసి పులిచింత అనుకుంటారు. పులిచింతకు మూడే రెక్కలు, పసుపు పువ్వు, నోట్లో వేసుకుంటే పులుపు. మార్సీలియాకు పువ్వే లేదు. ఆకు అడుగున వెతికినా ఏమీ దొరకదు. సిద్ధబీజాలు కాడ మొదట్లో గింజల్లాంటి గట్టి తొడుగుల్లో ఉంటాయి.

ఇవి పుస్తకాల్లోని పేర్లు. మన ఇళ్లల్లో వేరే పేర్లు ఉండి ఉంటాయి. 1860లో సిరోంచ నిజాం నుంచి ఇంగ్లీషు సర్కారుకు పోయింది. 1960లో మహారాష్ట్ర వచ్చింది. 1982లో గడ్చిరోలి జిల్లా అయ్యింది. సర్కార్లు మారినా మన ఇంటి మాట తెలుగుగానే నిలిచింది. అయితే పిల్లలకు చదువు మరాఠీలో, మొక్కల పేర్లు అమ్మమ్మల నోట్లో. ఆ అమ్మమ్మలతోనే ఆ పేర్లూ పోతే మనకు 'నేచే' ఒక్కటే మిగులుతుంది. మరాఠీ నేర్చుకోవద్దని కాదు, మన మాట కూడా పక్కన ఉండాలని.

అందుకే ఈ వానాకాలం ఫెర్న్ కనిపిస్తే పీకకండి. ఆకు పైన ఒక ఫోటో, అడుగున ఒక ఫోటో తీయండి. బండా, ఒర్రె గట్టా, కుంటా అన్నది రాయండి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వాళ్లు పిలిచే పేరు, వాడే తీరు కూడా చేర్చి కింద పెట్టండి. ఊరి పేరు మరువకండి. ఒకే మొక్కకు రేగుంటలో ఒక పేరు, సిరోంచలో ఇంకో పేరు వస్తే రెండూ రాసుకుందాం.