విద్యుద్వాహనమునకు మజిలీ

పూర్వము బాటసారి దారి పట్టుటకు ముందు మజిలీ యెక్కడ అని విచారించెడివాడు. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రమున బస యెట్టిదో, నీరెట్టిదో, ఏ వస్తువులు దొరకునో ఊరూరను వ్రాసియుంచిరి. ఎద్దులకు మేతయు నీరును దొరకని దారిని బండివాడు నమ్మడు. హంద్రీ నదిమీది గాజులదిన్నె జలాశయమునకు చేరువను, ఎమ్మిగనూరు కర్నూలు బాటమీద నున్న గోనెగండ్లకు నేడు వచ్చు విద్యుద్వాహనమునకును ఇదియే న్యాయము. దాని మేత విద్యుత్తు.

ఈ వాహనము నిన్న పుట్టినది కాదు. 1859లో ఫ్రాన్సు దేశస్థుడైన ప్లాంటే మరల మరల నింపదగిన సీసపు బ్యాటరీని కనిపెట్టెను. 1895లో చెన్నపట్టణమున విద్యుత్తు ట్రాములు నడచెను. వానికి విద్యుత్తు దారి పొడవునను అందుచుండెను. బ్యాటరీబండి యట్లు కాదు. తన మేతను తానే మోసికొని పోవలెను. 1900లో అమెరికాలో తయారైన 4,192 మోటారుబండ్లలో 1,575 విద్యుత్తుతో నడచునవి, పెట్రోలువి 936 మాత్రమే, తక్కినవి ఆవిరిబండ్లు. పొగయు చప్పుడును లేని యీ బండి ఇరువదియేండ్లలో వెనుకబడుటకు కారణమేమి? పెట్రోలుబండి వెల తగ్గెను. 1912లో దానిని చేతితో త్రిప్పు శ్రమయు తప్పెను. మరియొక కారణము కలదు. పెట్రోలు డబ్బాలలో పల్లెటూరి దుకాణమునకు చేరెను; విద్యుత్తు పట్టణపు పొలిమేర దాటలేదు. 1930 ప్రాంతమున సైతము ఆ దేశపు రైతు కుటుంబములలో పదింట ఒకదానికే విద్యుద్దీపముండెను.

నేడు మన స్థితి వేరు. విద్యుత్తు పల్లెలకు వచ్చియున్నది. 2017లో కర్నూలు సీమయందే వేయి మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. ఇల్లుగలవాడు రాత్రి తన గోడకే స్కూటరును తగిలించుకొనును. ఆదోనికి సరకు వేసికొని పోవు ఆటోవాడు నడిదారిలో ఎవరి గుమ్మము తట్టవలెను?

2018లో కేంద్ర ప్రభుత్వము రెండు సంగతులు తేల్చెను. వాహనమునకు విద్యుత్తు నింపుట విద్యుత్తు నమ్ముట కాదు గనుక లైసెన్సు అక్కరలేదనుట మొదటిది. నగరములందు నిడివి వెడల్పులు మూడేసి కిలోమీటర్లు గల ప్రతి గడియందును, రహదారులమీద ఇరువదియైదు కిలోమీటర్లకును ఒక కేంద్రముండవలెననుట రెండవది. తరువాత సవరణలు వచ్చెను. కాని నగరమును రహదారిని కొలిచిన ఆ లెక్కలో చిన్న యూరికి ప్రత్యేకముగా చోటు లేకపోయెను.

మొదటి సంగతియే మనకు ఆధారము. బస్సులాగు చోట, వాన తగులని కప్పు క్రింద, మీటరుతో రెండు మూడు సాకెట్లను పంచాయతీయైనను, దుకాణదారుడైనను పెట్టింపవచ్చును. స్కూటరునకు ఇంటి సాకెట్టు వంటిది చాలును. తగిన తీగయు, సరియైన ఎర్తును తప్పక యుండవలెను. ఇది చలివేంద్రమువలె ఉచితము కానక్కరలేదు. వాడినంతకు రుసుము తీసికొనవచ్చును. నింపుటకు గంటలు పట్టును. ఆ గంటలలో బాటసారి మన యూర భోజనము చేయును, సరకు కొనును.

నూరేండ్ల క్రిందట పల్లెలో మేత లేక ఆ బండి నిలిచిపోయెను. ఈ మారు మేత మన యూరనే యున్నది. దానిని బాటసారికి అందించు చోటు చూపుట గ్రామపెద్దల చేతిలోని పని.