ఎలక్ట్రిక్ బండ్లు పెరిగితే దేశంలో కరెంటు సరిపోతుందా?

2030 నాటికి కొత్తగా అమ్మే వాహనాల్లో 30 శాతం ఎలక్ట్రిక్‌వే ఉండాలన్నది కేంద్రం లక్ష్యం. మరి ఇన్ని బండ్లు చార్జింగ్‌కు పెడితే గ్రిడ్ తట్టుకుంటుందా? మన ఇంటి బిల్లు మాటేమిటి?

గ్రిడ్ అంటే?

విద్యుత్ కేంద్రాలు, లైన్లు, సబ్‌స్టేషన్లు అన్నీ కలిసిన వలే గ్రిడ్. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ కూడా కలవడంతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. ఇందులో ఏ క్షణం ఎంత వాడకం ఉంటే అంతే ఉత్పత్తి జరగాలి. 2024 మే 30న దేశంలో డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది.

అసలు సమస్య టైమింగే

స్కూటర్ రోజుకు 30 కిలోమీటర్లు తిరిగితే దాదాపు ఒక యూనిట్ ఖర్చవుతుంది. అలాంటివి కోటి స్కూటర్లున్నా ఏడాదికి 365 కోట్ల యూనిట్లే. దేశంలో ఏడాదికి ఉత్పత్తయ్యే సుమారు 1.7 లక్షల కోట్ల యూనిట్లలో ఇది 0.2 శాతం మాత్రమే.

కానీ ఆ కోటి మందీ రాత్రి ఇంటికి రాగానే ఒకేసారి ప్లగ్ పెట్టారనుకోండి. ఒక్కో చార్జర్ 750 వాట్లు లాగినా 7.5 గిగావాట్ల లోడ్ పడుతుంది. అంటే 250 గిగావాట్లలో 3 శాతం! అదీ సోలార్ కరెంటు ఆగిపోయిన వేళ. అదే మధ్యాహ్నం పెడితే ఎండ కరెంటు పనికొస్తుంది.

ముందు దెబ్బ గల్లీ ట్రాన్స్‌ఫార్మర్‌కే

కారు హోమ్ చార్జర్ 7 కిలోవాట్లు లాగుతుంది. అంటే నాలుగైదు ఏసీలు ఒకేసారి నడిచినట్టే. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద 20 కార్లు ఒకేసారి చార్జ్ చేస్తే 140 కిలోవాట్లు! ఇళ్ల వాడకం కలపకుండానే పరిమితి దాటుతుంది. అందుకే కారు కొనేముందు మీ మీటర్ శాంక్షన్డ్ లోడ్ ఎంతో బిల్లుపై చూసుకోండి. తక్కువుంటే డిస్కంకు దరఖాస్తు చేసి పెంచుకోవాలి.

బిల్లు సంగతి

కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం సోలార్ వేళల్లో రేటు కనీసం 20 శాతం తక్కువుండాలి, పీక్ వేళల్లో ఎక్కువుంటుంది. స్మార్ట్ మీటర్ పెట్టాకే ఇది వర్తిస్తుంది.

తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న కుటుంబాలు ఇంకో లెక్క చూసుకోవాలి. నెలకు 180 యూనిట్లు వాడే ఇంట్లో స్కూటర్‌కు మరో 30 చేరితే 210 అవుతుంది. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. అయినా పెట్రోల్ ఖర్చుతో పోల్చి చూస్తేనే లాభమో నష్టమో తేలుతుంది.

మొత్తానికి దేశానికి కరెంటు కొరత తెచ్చేది బండ్ల సంఖ్య కాదు, అందరూ ఒకే టైమ్‌లో ప్లగ్ పెట్టడం. వీలైతే పగలు, లేదంటే అర్ధరాత్రి దాటాక చార్జింగ్ పెట్టడం గ్రిడ్‌కూ, గల్లీకీ మేలు.