పులి గోతి నుంచి వల దాకా

సింగపూర్ వాయవ్యాన ఉన్న చోవా చూ కాంగ్‌లో గోంగూర, కరివేపాకు పెంచుకునే తెలుగువారికి ఇవాళ మైనాలతో, ఉడతలతో, ఎలుకలతో పేచీ. అడవి అంచు వీధుల్లోనైతే కోతులతో. నూట డెబ్భై ఏళ్ల కిందట ఈ ప్రాంతంలో తోట వేసినవాడికి మాత్రం భయమంతా పులితోనే.

19వ శతాబ్దంలో తియోచ్యూ చైనీయులు వాగుల వెంబడి లోపలికి వచ్చి, అడవి నరికి గాంబియర్, మిరియం నాటారు. గాంబియర్ ఆకును ఉడికించి, రసం చిక్కబరిచి దిమ్మలు కట్టేవారు. తోళ్లు ఊనడానికీ, తాంబూలంలో కాచులా వేసుకోవడానికీ అది పనికొచ్చేది. ఉడికిన ఆకు మిరియపు పాదులకు ఎరువు. పొయ్యిలోకి కట్టెలు కావాలి కాబట్టి చుట్టుపక్కల అడవి తరిగిపోయేది. పదిహేను, ఇరవై ఏళ్లకు నేల సారం ఉడిగిపోతే తోట మరో అడవిలోకి జరిగేది. అంటే పులి ఉన్న చోటికి మనిషే నడిచి వెళ్లాడు. తోట మీద పడే జంతువును తిట్టుకునే ముందు ఈ సంగతి తలుచుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

1854లో బుకిట్ తిమా దగ్గర పురుగులు సేకరించిన ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్, సగటున రోజుకొక చైనీయుడు పులివాత పడుతున్నాడని రాశాడు. అడవిలో అక్కడక్కడా తవ్విన పులి గోతుల గురించీ చెప్పాడు. పదిహేను, ఇరవై అడుగుల లోతు. పైన ఇరుకు, అడుగున వెడల్పు. మీద పుల్లలూ ఆకులూ కప్పి ఉంచేవారు. ఒకప్పుడు అడుగున వాడి మేకు నిలబెట్టేవారట. ఒక బాటసారి దానిమీద పడి చచ్చిపోయాక ఆ మేకును నిషేధించారు. పులిని చంపినవారికి ప్రభుత్వం బహుమానం ఇచ్చేది. సింగపూర్‌లో చివరి అడవి పులిని కాల్చింది 1930లో, ఈ చోవా చూ కాంగ్ గ్రామంలోనే.

గాంబియర్ పోయి రబ్బరు, అనాస, కూరగాయలు, కోళ్లు, పందులు వచ్చాయి. 1980లలో ప్రభుత్వ అపార్ట్‌మెంట్లు లేచాయి. 2005లో జాతీయ ఉద్యానాల సంస్థ 'కమ్యూనిటీ ఇన్ బ్లూమ్' మొదలుపెట్టాక అపార్ట్‌మెంట్ల కింద మళ్లీ తోటలు కనిపించసాగాయి. ఇప్పుడు వన్యప్రాణుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి జంతువులను, పక్షులను పట్టకూడదు, చంపకూడదు. 2020 నుంచి వాటికి మేత వేయడం కూడా నేరమే.

మన పొలాల్లో మంచె ఎక్కి వడిసెల తిప్పిన కాపు ఇక్కడ చెల్లదు. తెలంగాణలో కూడా కోతుల బెడదకు చంపే దారి కాక, 2020లో నిర్మల్‌లో వాటి సంతాన నియంత్రణ కేంద్రం పెట్టారు. చోవా చూ కాంగ్ తోటమాలికి మిగిలిన ఉపాయం పిలవకుండా ఉండడం. కాయకు సంచి కట్టాలి, పండు రాలేదాకా చెట్టున ఉంచకూడదు, తొక్కలు మూత ఉన్న డబ్బాలో వేయాలి. ప్లాస్టిక్ సంచి చేతిలో ఊగుతూ కనిపిస్తే కోతి తిండి అనుకుంటుంది. వల సన్న కన్నులది కొని బిగించి కట్టాలి; వదులుగా వేలాడితే పాములూ పిట్టలూ చిక్కుకుంటాయి. చిక్కిన పామును సొంతంగా లాగకుండా, వన్యప్రాణులను కాపాడే ఏక్రెస్ సంస్థకు ఫోన్ చేస్తే వచ్చి విడిపిస్తారు. వారి రక్షణ కేంద్రం దగ్గరలోనే, సుంగై తెంగాలోని జలాన్ లెకర్‌లో ఉంది.