వన్నె లెక్క నుంచి మోల్ లెక్క దాకా

కోరుకొండ పేరు చెప్పగానే ఎవరికైనా కొండ మీది లక్ష్మీనరసింహస్వామి గుర్తొస్తాడు. చరిత్ర చదివినవారికైతే 14వ శతాబ్దంలో ఇక్కడి నుంచి ఏలిన ముమ్మడి నాయకుడు గుర్తొస్తాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రాజమహేంద్రవరం కాలేజీలకు వెళ్ళే పిల్లల్ని కెమిస్ట్రీలో కష్టమైందేమిటని అడిగితే చాలామంది ఒకటే చెబుతారు: లెక్కలు. ఆవర్తన పట్టిక బట్టీ పట్టొచ్చు, చర్యలు రాసి రాసి గుర్తుపెట్టుకోవచ్చు. మోలారిటీ, టైట్రేషన్, పరిమిత కారకం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. దానికి మనం చేసే చికిత్స మరో నాలుగు సూత్రాలు ఇచ్చి, ఏ లెక్కకు ఏ సూత్రమో గుర్తుపట్టడం నేర్పడం. రోగం ముదిరేది అక్కడే. రసాయన లెక్క అంటే సూత్రంలో అంకెలు వేయడం కాదు. పదార్థం ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అని జమాఖర్చు సరిచూడటం. ఈ చూపు మనకు పడమటి నుంచి దిగుమతి అయిందేమీ కాదు. గోదావరి సీమ చరిత్రలోనే దీనికి ఇద్దరు సాక్షులున్నారు. ఒకరు దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందటి గణితకర్త, ఇంకొకరు వందేళ్ళ కిందటి జీవరసాయన శాస్త్రవేత్త.

మొదటి సాక్షి పావులూరి మల్లన. రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడి చేత పిఠాపురం దగ్గరి నవఖండవాడను దానంగా పొందిన కుటుంబం ఆయనది. తాతామనవళ్ళిద్దరి పేరూ మల్లనే కావడంతో గ్రంథకర్త 11వ శతాబ్దివాడా, 12వ శతాబ్ది మొదటి భాగంవాడా అన్న చర్చ పండితుల్లో ఉంది. ఎలా చూసినా తెలుగులో శాస్త్ర గ్రంథ రచనకు మొదటి వరసలో నిలిచే పేరు ఆయనది. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. జైనుల ఉదాహరణల చోట శైవానికి దగ్గరైన ఉదాహరణలు పెట్టి, లెక్కల్ని ఇక్కడివారి లెక్కలుగా మార్చాడు.

మహావీరుడి గ్రంథంలో మిశ్ర గణితం కింద బంగారం లెక్కలున్నాయి. రకరకాల వన్నెల బంగారం కలిపి కరిగిస్తే వచ్చే ముద్ద వన్నె ఎంత అన్నది ప్రశ్న. అంకెలు మనవి వేసుకుని ఆ పద్ధతిని చూద్దాం. 14 వన్నెల బంగారం 6 తులాలు, 9 వన్నెల బంగారం 4 తులాలు మూసలో వేశాం. తూకాన్ని వన్నెతో హెచ్చవేస్తే 84, 36 వస్తాయి. మొత్తం 120. ముద్ద తూకం 10 తులాలు కాబట్టి 120ని 10తో భాగిస్తే 12 వన్నెలు. ఇప్పుడు ఆ ముద్దకు పుటం పెట్టి కొంత మలినం పోగొడితే తూకం 8 తులాలకు దిగిందనుకుందాం. అదే 120ని ఈసారి 8తో భాగించాలి. వచ్చేది 15 వన్నెలు. తూకం మారింది, వన్నె మారింది, 120 మాత్రం మారలేదు. మేలిమి అంటే 16 వన్నెలు కాబట్టి 120ని 16తో భాగిస్తే ఏడున్నర. అంటే ముద్దలోని అసలు బంగారం మొదటి నుంచి చివరి దాకా ఏడున్నర తులాలే. మూసలో ఏం జరిగినా మారని ఆ ఒక్క రాశిని పట్టుకోవడమే లెక్కకు ప్రాణం.

కాలేజీ ల్యాబ్‌లో ఆమ్లాన్ని పల్చబరిచే లెక్క దీనికి సొంత చెల్లెలు. 12 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 25 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో ఉన్నది 300 మిల్లీమోల్‌లు. నీళ్ళు కలుపుతూ 3 లీటర్లు చేస్తే గాఢత 0.1 మోలార్‌కు పడిపోతుంది. అప్పుడూ ఆమ్లం 300 మిల్లీమోల్‌లే, ఎందుకంటే కలిసింది నీళ్ళు మాత్రమే. ఎం1వి1 = ఎం2వి2 అని విద్యార్థి వల్లించే సూత్రం చెప్పేది ఇంతే. కంసాలి వన్నె అన్నచోట మనం మోలారిటీ అంటున్నాం, తూకం అన్నచోట ఘనపరిమాణం అంటున్నాం. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు సూత్రం మర్చిపోయినా లెక్క తప్పడు. తెలియనివాడు సూత్రం గుర్తున్నా ఎక్కడ వాడకూడదో తెలియక తప్పుతాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది సబబైనదే. బంగారం కరిగించడం రసాయన చర్య కాదు, మిశ్రమం. బంగారంలో రాగిని ఏ పాళ్ళలోనైనా కలపొచ్చు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు కావాలంటే మాత్రం పాళ్ళు మన ఇష్టం కావు. అలాంటప్పుడు మల్లన కాలం లెక్కల్లో ఆధునిక రసాయనశాస్త్రం ఉందనడం లేని గొప్పలు పోవడం కాదా? అవును, అలా అంటే గొప్పలు పోవడమే. ఏ పదార్థం ఏ పాళ్ళలో కలుస్తుందన్న విద్య ఐరోపాలో 18వ శతాబ్ది చివర మొదలైంది. లవోజియే త్రాసు పెట్టి చర్యకు ముందూ వెనకా తూకం సమానమని చూపాడు. ఆమ్లాలు, క్షారాలు ఏ తూకాల్లో తటస్థమవుతాయో రిక్టర్ 1792 నుంచి అచ్చువేశాడు. తర్వాత డాల్టన్ పరమాణువుల మాట చెప్పాడు, 1811లో అవొగాడ్రో వాయువుల లెక్క చెప్పాడు. అయినా పరమాణు భారాల గందరగోళం తేలడానికి 1860లో కార్ల్స్‌రూ సమావేశంలో కనిజారో వాదన దాకా ఆగాల్సి వచ్చింది. మోల్ అంటే సరిగ్గా ఎన్ని కణాలో, అంటే 6.02214076 గుణించు 10 ఘాతం 23 అని, నిర్వచనంగా ఖాయం చేసింది 2019లో. ఇవేవీ పావులూరి గణితంలో లేవు.

ఆ ఆక్షేపణను ఒప్పుకుంటేనే విషయం తేటపడుతుంది. రసాయన లెక్కకు రెండు కాళ్ళు. పోగూడనిది పోలేదని చూసే జమాఖర్చు ఒకటి, ఏది దేనితో ఎంతకు ఎంత మారుతుందో చెప్పే తుల్య సమీకరణం రెండోది. మొదటి కాలు మన పాత గణితంలో దృఢంగా ఉంది, రెండోది రసాయనశాస్త్రం ఇచ్చింది. విద్యార్థి కుంటుతున్నది ఈ రెంటినీ విడదీసి చూడలేకపోవడం వల్ల. ల్యాబ్‌లో నిత్యం జరిగే ఒక టైట్రేషన్ చూడండి. శంఖాకారపు కుప్పెలోకి పిప్పెట్‌తో 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం 10 మిల్లీలీటర్లు తీసి, ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ నుంచి సోడియం హైడ్రాక్సైడ్ వదిలారు. గులాబి రంగు నిలిచేసరికి దిగింది 10 మిల్లీలీటర్లు. ఎం1వి1 = ఎం2వి2 అని వేస్తే క్షారం గాఢత 0.05 మోలార్ అని వస్తుంది. అది తప్పు. ఆక్సాలిక్ ఆమ్లం ఒక అణువుకు సోడియం హైడ్రాక్సైడ్ రెండు కావాలి. ఆమ్లం అర మిల్లీమోల్ ఉంది కాబట్టి క్షారం ఒక మిల్లీమోల్ దిగి ఉండాలి, అంటే గాఢత 0.1 మోలార్. ఒకే పదార్థం పల్చబడేచోట పనికొచ్చిన సూత్రం, రెండు పదార్థాలు కలిసి మూడోది పుట్టేచోట సగానికి సగం తప్పు చెప్పింది.

రెండో సాక్షి యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో కొంత చదువు సాగించి, ఇంటి కష్టాల మధ్య మెట్రిక్యులేషన్‌ను మద్రాసులో మూడో ప్రయత్నంలో గట్టెక్కిన మనిషి. 1922 అక్టోబరులో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర జీవరసాయనంలో పనికి కుదిరాడు. వాళ్ళకు అప్పగించిన సమస్య చూడటానికి చిన్నది: రక్తంలో, మూత్రంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడం. ఫాస్ఫేట్ ఉన్న ద్రవానికి ఆమ్లంతో పాటు మాలిబ్డేట్ కలిపి, తగిన క్షయకరణి వేస్తే నీలి రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. తెలిసిన ఫాస్ఫేట్ ద్రావణం రంగుతో దీన్ని పోల్చి చూస్తే తెలియని దాని పరిమాణం తేలుతుంది. ఈ పద్ధతిని వాళ్ళు 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లోకి వెళ్ళింది. జీవరసాయనం చదివే పిల్లలు ఇప్పటికీ దాన్ని చేస్తారు.

అసలు కథ పద్ధతి కుదిరాక మొదలైంది. కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు సరిగా నడవలేదు. మామూలు ఫాస్ఫేట్ ద్రావణంలో నీలం త్వరగా వచ్చి నిలిచిపోతుంది. కండరపు ద్రవంలో మాత్రం నిమిషాలు గడిచేకొద్దీ ఇంకా ఇంకా చిక్కబడుతూ పోయింది. కాసేపు ఆగి చివరి రంగు చూసి అంకె రాసుకుంటే ఆ రోజు పని అయిపోయేది. నిజానికి అప్పటిదాకా కండరంలో ఉన్నదంతా మామూలు ఫాస్ఫేటేనని లెక్క కట్టినవాళ్ళు చేసింది అదే. ఫిస్కే, సుబ్బారావు ఆ తేడాను వదల్లేదు. మొదట్లో లేని ఫాస్ఫేట్ తర్వాత ఎక్కడి నుంచి వచ్చింది? ఆకాశం నుంచి ఊడిపడదు కాబట్టి, ఆమ్లం తగలగానే మెల్లగా విడిపోయే ఏదో పదార్థంలో దాగి ఉండాలి. వెతికితే ఫాస్ఫేట్‌తో పాటు క్రియాటిన్ విడుదలవుతోందని తేలింది. గ్రాముల్లో చూస్తే 131 పాళ్ళ క్రియాటిన్‌కు 31 పాళ్ళ ఫాస్ఫరస్. ఆ అంకెల్లో పొత్తేమీ కనిపించదు. మోల్‌లలోకి మారిస్తే ఒకటికి ఒకటి. రెండూ ఒకే అణువులో ఉండేవని చెప్పడానికి ఆ నిష్పత్తి బలమైన ఆధారమైంది. 1927లో ప్రకటించిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పని చేసి అలిసినప్పుడు అది తరిగిపోతుందని, విశ్రాంతిలో మళ్ళీ చేరుతుందని కూడా వాళ్ళు చూపారు. కండర శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్తలు నమ్ముతున్న రోజులవి. ఆ సిద్ధాంతం కదలడం ఇక్కడి నుంచే మొదలైంది. 1929లో ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు.

సుబ్బారావు మేధావి, ఆయన్ను మామూలు విద్యార్థికి నమూనాగా చూపడం అన్యాయం అనేవారుంటారు. ఈ కథలో ఉన్న లెక్క ఎంత కష్టమైందో ఒకసారి చూడండి. 131తో భాగించడం, 31తో భాగించడం, రెండు జవాబులూ సమానమా అని చూడటం. ఇంటర్ మొదటి ఏడాది పిల్లవాడు చేయగల లెక్క అది. అరుదైనది ఆ లెక్క కాదు, తేలని అంకెను తేలనట్టే ఒప్పుకుని దాని వెంట పడే ఓపిక. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన మనిషిలో అది ఉందంటే, పరీక్ష మార్కులతో దానికి పెద్ద చుట్టరికం లేదని అర్థం.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ పోటీ పరీక్షలది. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో కెమిస్ట్రీవి 40. నిమిషం చిల్లరలో జవాబు గుర్తించాల్సినవాడికి జమాఖర్చు ఆలోచించే తీరికెక్కడిదని కోచింగ్ సెంటర్ల వాదన. దానిలో నిజం లేకపోలేదు. వేగం కావాలి, వేగానికి సాధన కావాలి. అయితే పైన చూసిన టైట్రేషన్‌లో అర మిల్లీమోల్, దానికి రెట్టింపు ఒక మిల్లీమోల్, దాన్ని 10తో భాగిస్తే 0.1 అని నోటితో చెప్పడానికి పది సెకన్లు చాలు. పల్చబరచడానికొకటి, తటస్థీకరణానికొకటి, మిశ్రమానికొకటి, పరిమిత కారకానికొకటి అని సూత్రాలు విడివిడిగా మోసేవాడికే ఏది వాడాలో తేల్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. పైగా అలాంటి ప్రశ్నల్లో తప్పు సూత్రానికి వచ్చే జవాబును కూడా ఒక ఆప్షన్‌గా పెడతారు. పై లెక్కలో 0.05 అలాంటిదే.

శాస్త్రవేత్తలు కాబోనివాళ్ళకు ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు గోదావరి వరదలే జవాబు. నీళ్ళు తీశాక బావుల్లో బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. పదివేల లీటర్ల బావిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ పడాలంటే కావలసింది 10 గ్రాముల క్లోరిన్. పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ 25 శాతం ఉంటే 40 గ్రాములు వేయాలి. సంచి విప్పి నెలల తరబడి ఉంచితే క్లోరిన్ శాతం తగ్గిపోతుంది. అది సగానికి పడితే 80 గ్రాములు వేయాలి. పొడి తూకం వేరు, అందులోని సరుకు వేరు అన్న తెలివి లేకపోతే చెంచాల లెక్కన వేసిన మందు నీటిని శుభ్రం చేయదు.

అందుకే అధ్యాపకులకు ఒక విన్నపం. ప్రాక్టికల్ పరీక్షలో జవాబు పుస్తకంలోని విలువకు దగ్గరగా రాకపోతే మార్కులు పోతాయని భయపడి, పిల్లలు బ్యూరెట్ రీడింగ్‌లను దిద్ది రాయడం అందరికీ తెలిసిన సంగతే. ఫిస్కే, సుబ్బారావు కూడా ఆ నీలి రంగు దగ్గర అదే చేసి ఉంటే ఫాస్ఫోక్రియాటిన్ వాళ్ళ చేతికి చిక్కేది కాదు. నిజంగా వచ్చిన రీడింగ్ రాసి, తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పిన పిల్లవాడికి పూర్తి మార్కులు వేయండి. దిద్దిన అంకెతో సరైన జవాబు తెచ్చినవాడికి వేయకండి. కెమిస్ట్రీ లెక్కల భయం పోవడానికి కొత్త గైడ్ల కంటే ఆ మార్పే ఎక్కువ పని చేస్తుంది.