విద్యాప్రాంగణములు – ఆయుధ నిషేధము

అమెరికా రాజ్యాంగమున పౌరుల ఆయుధధారణ హక్కునకు ఆధారమైన రెండవ సవరణను రచించిన జేమ్స్ మాడిసన్ సభ్యుడుగను, థామస్ జెఫర్సన్ అధ్యక్షుడుగను ఉండిన వర్జీనియా విశ్వవిద్యాలయ పాలకమండలి, తరగతు లింకను ఆరంభము కాకమునుపే, 1824 అక్టోబరు 4వ తేదీన, విద్యార్థి యెవ్వడును ఆవరణలో ఆయుధమునుగాని తుపాకిమందునుగాని ఉంచుకొనరాదని నియమము గావించెను. హక్కును వ్రాసినవారే దానికీ యెల్లను నిర్ణయించిరనుట ఈ చరిత్రలో నాకు మిక్కిలి ముఖ్యముగ తోచుచున్నది.

నియమమును వ్రాసినంత సులభముగ నిలుపుట సాధ్యపడలేదు. 1836లో విద్యార్థుల సైనిక దళమొకటి తుపాకుల విషయమై అధ్యాపకులు విధించిన కట్టుబాట్లను ధిక్కరింపగా, వారు దళమునే రద్దుచేసిరి. అందుపై నవంబరు 12న చెలరేగిన అల్లరిని విద్యార్థులు ఏటేట అదే దినమున ఉత్సవమువలె జరుపుకొనసాగిరి. 1840లో ఆ రాత్రి, ముసుగు ధరించి అలజడి చేయుచున్న యొక విద్యార్థిని పట్టుకొనబోయిన న్యాయశాస్త్రాచార్యుడు జాన్ డేవిస్, తన నివాసపు ముంగిటనే వాని పిస్తోలుగుండునకు గురియై, రెండు దినములకు మరణించెను. ఆయుధనిషేధ మెందులకో ఆ మరణముకంటె స్పష్టముగ చెప్పగల వాదము లేదు.

అంతర్యుద్ధానంతరము రాష్ట్రములు శాసనములకు పూనుకొనెను. పాఠశాలలకును, విద్యా సాహిత్య శాస్త్ర ప్రయోజనములకై జనులు కూడు తావులకును తుపాకులను, బోవీ కత్తులను కొనిపోవుట నేరమని టెక్సాస్ 1870లోనే ప్రకటించెను.

కేంద్ర చట్టము 1990లో వచ్చి, పాఠశాలకు వేయి అడుగుల మేర తుపాకిని నిషేధించినది. శాన్ ఆంటోనియోలో 12వ తరగతి విద్యార్థి యొకడు తుపాకితో బడికి వచ్చి పట్టుబడగా, ఆ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1995లో, వాణిజ్యాధికారము నాశ్రయించి కాంగ్రెసు ఇట్టి చట్టము చేయజాలదని 5–4 ఆధిక్యమున కొట్టివేసెను. బాలల క్షేమమునకంటె అధికార విభజనమే అచట విచారణాంశమైనందులకు నాకు విచారము కలుగును. మరుసటి యేట, రాష్ట్రములమధ్య వాణిజ్యమున సంచరించిన తుపాకులకే పరిమితము చేసి కాంగ్రెసు ఆ చట్టమును పునరుద్ధరించెను.

2007లో వర్జీనియా టెక్‌నందు 32 మంది హతులైన పిమ్మట అభిప్రాయములు రెండుపాయలైనవి. నిషేధమును బిగింపవలెనని కొందరు, సాయుధులైనవారే ఆత్మరక్షణ చేసికొనగలరని కొందరు వాదించిరి. నాడు ముందుగా నిషేధించిన టెక్సాసే, 2016 ఆగస్టు 1 నుండి, అనగా ఆస్టిన్ విశ్వవిద్యాలయ గోపురముపైనుండి కాల్పులు జరిగిన ఏబది యేండ్లకు సరిగా అదే దినమున, అనుమతిపత్రము గలవారు ప్రభుత్వ విశ్వవిద్యాలయ భవనములలోనికి చేతితుపాకిని మరుగుపరచి తీసికొనిపోవచ్చునని అంగీకరించినది. మన తెలుగు విద్యార్థులు పెక్కుమంది చదువుచున్న డల్లస్, హ్యూస్టన్ నగరముల ప్రభుత్వ విశ్వవిద్యాలయములు ఈ చట్టపు పరిధిలోనివే. ప్రైవేటు విశ్వవిద్యాలయములకు మాత్రము నిరాకరించు స్వేచ్ఛ నొసగిరి. అవి దాదాపుగా అన్నియు నిషేధమునే నిలుపుకొనినవి.